పాఠకుల ప్రశ్నలు: నేల కింది కాలువ మీద నిలిచిన కస్బా, గొనాబాద్

తూర్పు ఇరాన్‌లో మషద్ నుంచి దక్షిణంగా రెండున్నర వందల కిలోమీటర్లు దాటాక గొనాబాద్ వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 1,100 మీటర్ల ఎత్తులో ఎడారి అంచున ఉన్న పట్టణం. 2016 జనాభా లెక్కల్లో 40 వేల చిల్లర మంది. ఇక్కడ మాట్లాడేది ఖొరాసాన్ యాస పారసీ. ఈ ఊరి ఖనాత్ (నేల కింది నీటి కాలువ), కుంకుమపువ్వు, పాలన గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

పటంలో గొనాబాద్‌ను "షహ్రెస్తాన్ కేంద్రం" అని రాశారు. మన లెక్కలో అది జిల్లా కేంద్రమా, మండల కేంద్రమా? కలెక్టరు లాంటివారు ఉంటారా?
(హనుమకొండ నుంచి, పోటీ పరీక్షలకు చదువుతున్న విద్యార్థి)

హోదాను బట్టి జిల్లా కేంద్రానికి దగ్గర, జనాన్ని బట్టి మన పెద్ద మండల కేంద్రమంత. ఇరాన్‌లో మన రాష్ట్రాల్లాంటి ఒస్తాన్‌లు 31 ఉన్నాయి. ఒక్కో ఒస్తాన్ కింద కొన్ని షహ్రెస్తాన్‌లు, వాటి కింద బఖ్ష్‌లు, బఖ్ష్‌లో పట్టణాలు, దెహెస్తాన్‌లు ఉంటాయి. కొన్ని పల్లెలు కలిస్తే ఒక దెహెస్తాన్. గొనాబాద్ ఉన్నది రజవీ ఖొరాసాన్ ఒస్తాన్‌లో, దాని రాజధాని మషద్. పాత ఖొరాసాన్‌ను 2004లో మూడు ముక్కలు చేసినప్పుడు ఏర్పడిన ఒస్తాన్ ఇది. గొనాబాద్ షహ్రెస్తాన్‌లో కేంద్ర బఖ్ష్, కాఖ్క్ బఖ్ష్ అని రెండున్నాయి. బజెస్తాన్ కూడా ఒకప్పుడు ఇందులోదే, 2006 జనాభా లెక్కల తర్వాత విడిపోయి సొంత షహ్రెస్తాన్ అయింది.

షహ్రెస్తాన్‌కు పెద్ద ఫర్మాన్‌దార్. ఫర్మాన్ అంటే ఆజ్ఞ, "దార్" అంటే మన తహసీల్దారు, వాటాదారుల్లో ఉన్న "దారు"యే. ఈయన్ను ప్రజలు ఎన్నుకోరు, దేశీయాంగ శాఖ నియమిస్తుంది. ఎన్నికలు జరిపించడం, శాంతిభద్రతల సమీక్ష, ప్రభుత్వ శాఖల మధ్య సమన్వయం ఆయన పనులు. ఇంగ్లీషు వార్తల్లో ఈ పదవిని "గవర్నర్" అంటారు. అది చదివి మన రాజ్‌భవన్ గవర్నరును ఊహించుకుంటే పొరపాటు. ఒస్తాన్ పెద్ద ఒస్తాన్‌దార్, బఖ్ష్‌కు బఖ్ష్‌దార్, పల్లెకు దెహ్యార్. "యార్" అంటే తోడు నిలిచేవాడు.

షహర్దార్ వేరు. ఆయన పట్టణానికి మేయరు. ప్రజలు నాలుగేళ్లకు పట్టణ మండలిని ఎన్నుకుంటారు, ఆ మండలి షహర్దార్‌ను ఎంచుకుంటుంది. నియామక పత్రం మాత్రం పైనుంచి రావాలి. రెండు లక్షలు దాటిన నగరాలకూ ఒస్తాన్ రాజధానులకూ దేశీయాంగ మంత్రి ఇస్తారు, గొనాబాద్ లాంటి చిన్న పట్టణాలకు ఒస్తాన్‌దార్ ఇస్తారు. స్థానిక మండళ్లకు మొదటి ఎన్నికలు 1999లో జరిగాయి.

కలెక్టరుతో పోల్చినప్పుడు అసలు తేడా భూమి దగ్గర వస్తుంది. మన కలెక్టరు పదవి పుట్టిందే శిస్తు వసూలు కోసం. ఫర్మాన్‌దార్ చేతిలో భూమి రికార్డు ఉండదు. భూమి పత్రాలు సబ్త్-ఎ-అస్నాద్ కార్యాలయంలో, జనన మరణాల నమోదు, షెనాస్‌నామె అనే గుర్తింపు పుస్తకం సబ్త్-ఎ-అహ్వాల్‌లో. ఇంటి కట్టడం అనుమతి, చెత్త, వీధి దీపాలు షహర్దారీలో. పంట, ఎరువుల పనులకు జెహాద్-ఎ-కెషావర్జీ అనే వ్యవసాయ శాఖ. ఒక కార్యాలయం కాగితం పట్టుకుని ఇంకో కార్యాలయం గుమ్మం ఎక్కితే మన దగ్గరలాగే వెనక్కి పంపుతారు.

రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లు రాసిన మాటలన్నీ పారసీవే అంటారు. దరఖాస్తు, నకలు, రసీదు, ముద్దాయి… ఇవి గొనాబాద్ కచేరీలో చెల్లుతాయా?
(కర్నూలు నుంచి, విశ్రాంత ఉద్యోగి)

సగం చెల్లుతాయి, సగం చిక్కు తెస్తాయి. దరఖాస్తు అక్కడ "దర్‌ఖాస్త్", అర్థమూ అదే. రసీదు, కాగితం, మొహరు, నగదు, వకీలు, దుకాణం కాస్త ఉచ్చారణ మార్చి అంటే ఇబ్బంది లేకుండా తెలుస్తాయి.

చిక్కు తెచ్చేవి ఇవి. ముద్దాయి అంటే మనకు నేరం మోపబడినవాడు. పారసీలో "ముద్దయీ" దావా వేసినవాడు, అంటే సరిగ్గా ఎదుటి పక్షం. ఫిర్యాదు అక్కడ "ఫర్యాద్", కేక అని అర్థం. కాగితం మీద ఇచ్చే ఫిర్యాదును "షెకాయత్" అంటారు. తహసీల్ అంటే చదువు. తహసీల్దార్ అనే మాట ఉంది గానీ, సంస్థల తరఫున చెక్కులు, బాకీలు వసూలు చేసి తెచ్చేవాడికి వాడతారు. దౌలత్ మనకు సంపద, వాళ్లకు ప్రభుత్వం. దస్తావేజు అంటే నేటి పారసీలో ఎక్కువగా సాకు. భూమి పత్రం కావాలంటే "సనద్" అనాలి, అది మన సనదే. రాజీనామా ఇస్తే ఎవరికీ అర్థం కాదు, ఉద్యోగం వదులుకోవడం "ఇస్తెఫా".

మీకు నచ్చే మాట ఇంకొకటి. గొనాబాద్ ఖనాత్‌ను ఖసబె ఖనాత్ అంటారు. ఖసబె అంటే చుట్టుపక్కల పల్లెలకు ముఖ్యమైన ఊరు. మన పాత రికార్డుల్లో ఊరి పేరు పక్కన రాసే "కస్బా" ఇదే. కాబట్టి ఆ ఖనాత్ పేరును తెలుగులో చెప్పాలంటే కస్బా కాలువ.

మా ఊళ్లో బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. గొనాబాద్‌లో మోటారు లేకుండా 300 మీటర్ల లోతు నీళ్లు పైకి వస్తాయని చదివాను. ఎలా సాధ్యం?
(అనంతపురం జిల్లా నుంచి ఒక రైతు)

నీళ్లు పైకి రావు, పక్కకు వస్తాయి. కిటుకంతా ఇక్కడే ఉంది. ఇసుక ఏటి ఒడ్డున తవ్వుకునే మన ఊట కాలువను గుర్తు తెచ్చుకోండి. దాన్నే కొండ పాదం నుంచి ఊరి దాకా నేల కిందుగా సొరంగంలా తవ్వితే ఖనాత్ అవుతుంది.

లెక్క చూస్తే లోతు ఎందుకంతో తెలుస్తుంది. కొండ నుంచి ఊరికి నేల కిలోమీటరుకు 10 మీటర్లు వాలుతోందనుకోండి. సొరంగం కిలోమీటరుకు ఒక మీటరు మాత్రమే వాలుతుంది. ఊరి దగ్గర సొరంగం నోరు నేలమట్టానికే ఉంటుంది. అక్కడి నుంచి కొండవైపు ఒక్కో కిలోమీటరు వెనక్కి నడిస్తే నేలకూ సొరంగానికీ మధ్య ఎడం 9 మీటర్లు పెరుగుతూ పోతుంది. 33 కిలోమీటర్లు పోయేసరికి దాదాపు 300 మీటర్లు. ఇది ముతక లెక్కే అయినా ఖసబె ఖనాత్ కొలతలకు దగ్గరగా ఉంది: పొడవు 33 కిలోమీటర్లు, బావులు 427, చివరి తల్లి బావి లోతు 300 మీటర్లకు పైన. ఇది ప్రాచీన పారశీక అకేమెనిడ్ రాజుల కాలం నాటిదని చెబుతారు. 11వ శతాబ్దిలో ఈ దారిన వెళ్లిన యాత్రికుడు నాసిర్ ఖుస్రో కూడా దీని లోతును, పొడవును విని ఆశ్చర్యంతో రాసుకున్నాడు. 2016లో యునెస్కో 11 పారశీక ఖనాత్‌లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఇదొకటి.

తవ్వకం ఇలా సాగుతుంది. తవ్వేవారిని ముఖన్నీలంటారు, మన ఒడ్డెరల్లాగా తరాలుగా అదే పని చేసేవాళ్లు. ముందు కొండ పాదాన ఒకటి రెండు పరీక్ష బావులు వేస్తారు. నీరు తగిలాక కొన్నాళ్లు ఆగి, మట్టం నిలకడగా ఉందో లేదో చూస్తారు. ఒక్క వాన తర్వాతి ఊటను నమ్మి పని మొదలుపెడితే ఏళ్ల చాకిరీ మట్టిపాలే. నీరు నిలిస్తే అదే తల్లి బావి, వాళ్ల మాటలో "మాదర్ చాహ్". తర్వాత తాడు, మట్టం పెట్టి ఊరివైపు కొలుచుకుంటూ వచ్చి, నీరు బయటపడాల్సిన చోటు గుర్తిస్తారు. దాన్ని "మజ్‌హర్" అంటారు.

సొరంగం తవ్వకం మొదలయ్యేది తల్లి బావి నుంచి కాదు, మజ్‌హర్ నుంచి. కింది నుంచి పైకి తవ్వుతూ పోతే తగిలిన నీరు వెనక్కి పారిపోతుంది, పనివాళ్లు మునగరు. సొరంగం మనిషి వంగి నడిచేంత: ఎత్తు మీటరు నుంచి మీటరున్నర, వెడల్పు అందులో సగం. దారి వంకర పోకుండా వెనక రెండు దీపాలు పెట్టుకుంటారు. రెండూ ఒకే గీతలో కనిపిస్తే దారి తిన్నగా ఉన్నట్టు. దీపానికి ఇంకో పని కూడా ఉంది. అది కొడిగట్టిందంటే గాలి చెడింది, వెంటనే బయటికి రావాలి. అందుకే మధ్యమధ్య నిలువు బావులు తవ్వుతారు. గాలి ఆడటానికీ, గిరకతో తోలు బొక్కెనల్లో మట్టి లాగడానికీ, తర్వాత పూడిక తీయడానికీ అవే దారి. తీసిన మట్టిని బావి చుట్టూ గట్టులా పోస్తారు, వాననీరు లోపలికి దూకి గోడలు కొట్టుకుపోకుండా. విమానంలోంచి చూస్తే చీమల పుట్టల వరసలా కనిపించేది ఆ గట్లే.

వాలు దగ్గర తప్పు జరిగితే దిద్దడం కష్టం. వాలు ఎక్కువైతే నీరు ఉరికి అడుగును కోస్తుంది, గోడల కింద మట్టి జారి పైకప్పు కూలుతుంది. తక్కువైతే ఒండ్రు అక్కడే కూర్చుని పూడుకుపోతుంది. పొడవాటి ఖనాత్‌లకు వెయ్యి మీటర్లకు ఒక మీటరు, అంతకన్నా తక్కువ వాలే క్షేమం. మెత్తని మట్టి తగిలిన చోట "కవల్" అనే కాల్చిన మట్టి వలయాలను వరసగా దించుతారు, మన ఒరల బావిలో ఒరల్లాగా, కాకపోతే అడ్డంగా.

ఆ నీళ్లను గడియారం లేని రోజుల్లో ఎలా పంచుకున్నారు?
(నల్గొండ నుంచి, ఆయకట్టు సంఘం సభ్యుడు)

మీరు వారబందీ అంటారు కదా, అదే పద్ధతి. కొలిచే సాధనం మన తాతల ఇంట్లో ఉన్నదే. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల కుండలో వదులుతారు. గిన్నె నిండి మునిగితే ఒక లెక్క. మన దగ్గర అలా మునగడానికి పట్టే 24 నిమిషాలను గడియ అన్నారు. రోజుకు 60 గడియలు, గడియారం అనే మాట అక్కడి నుంచే వచ్చింది. గొనాబాద్ ప్రాంతంలో ఆ గిన్నె పేరు "పెంగాన్" లేక "ఫెంజాన్". దగ్గరలోని జీబద్‌లో ఫెంజాన్ కోసం విడిగా ఒక గదే ఉండేది. మునక కాలం ఊరూరికీ వేరు, గిన్నె రంధ్రం ఎంత ఉంటే అంత. గిన్నె లోపలి గోడ మీద గీతలు ఉంటాయి, సగం, పావు వాటాలకు.

నీటి పంపకం చూసే పెద్దను "మీరాబ్" అంటారు. ఫెంజాన్ దగ్గర కూర్చునే మనిషి రాత్రీ పగలూ కన్నార్పకుండా ఉండాలి. గిన్నె మునిగిన ప్రతిసారీ ఒక గులకరాయి పక్కకు పెడతాడు. గొడవలు వచ్చేది రెండు చోట్ల. మొదటిది రంధ్రం. ఉప్పునీటి సున్నం పేరుకుని రంధ్రం సన్నబడితే గిన్నె ఆలస్యంగా మునుగుతుంది, ఆ వంతు రైతుకు ఎక్కువ నీరు పోతుంది. అందుకే గిన్నెను తోముతూ, జత గిన్నెతో సరిచూస్తూ ఉండాలి. రెండోది, మజ్‌హర్ నుంచి దూరపు చేనికి నీరు నడిచే సమయం ఎవరి ఖాతాలో రాయాలన్నది. దాన్ని ముందే మాట్లాడుకుని తేల్చుకోని ఊళ్లో తగాదా తప్పదు.

ఇంకొక సంగతి మన రైతులకు వింతగా ఉంటుంది. అక్కడ నీరు వేరు ఆస్తి, భూమి వేరు ఆస్తి. భూమి ఉంచుకుని నీటి వాటా అమ్ముకోవచ్చు, కౌలుకు ఇవ్వొచ్చు, పిల్లలకు పంచొచ్చు, వక్ఫ్‌కు రాసివ్వొచ్చు. వాటాదార్లంతా పూడికతీత ఖర్చు వాటా ప్రకారమే భరించాలి. ఖనాత్ ఇన్ని తరాలు నిలవడానికి తవ్వకం నైపుణ్యం కన్నా ఈ లెక్కే పెద్ద కారణమని మా అభిప్రాయం.

అంత మంచి పద్ధతైతే ఖనాత్‌లు ఎందుకు ఎండుతున్నాయి?
(అదే అనంతపురం రైతు రెండో ప్రశ్న)

మీ ఊరి కారణమే. 1960ల నుంచి లోతైన మోటారు బావులు పెరిగాయి. ఖనాత్ దాని అడుగు కన్నా పైనున్న నీటినే తీసుకోగలదు, మోటారు ఎంత లోతుకైనా వెంటాడుతుంది. నీటిమట్టం మీటరు పడితే తల్లి బావి వైపున ఊట పట్టే భాగం పొడవు తగ్గుతుంది, ప్రవాహం తగ్గుతుంది. సొరంగాన్ని ఇంకా వెనక్కి తవ్వొచ్చు, అడుగును దించొచ్చు. కానీ అడుగు దించితే మజ్‌హర్ కూడా కిందికి జరగాలి, పైనున్న చేలకు నీరు ఎక్కదు. ప్రతి ఖనాత్‌కు "హరీమ్" అనే రక్షణ పరిధి ఉంటుంది, అందులో బావి తవ్వకూడదు. పరిధి దాటి వేసిన బావులు కూడా అదే నీటిని లాగుతాయి, నేల కింద గీతలు ఉండవు కదా.

భూకంపాల దెబ్బ కూడా ఉంది. 1968 ఆగస్టు 31న పొరుగు దష్త్-ఎ-బయాజ్‌ను భూకంపం కుదిపింది, కాఖ్క్ నేలమట్టమైంది, వేలమంది చనిపోయారు. మరునాడు ఫెర్దౌస్‌లో మరొకటి. సుమారు 80 కిలోమీటర్ల పగులు వెంట నేల పక్కకు జరిగింది. అలా జరిగిన చోట ఖనాత్ సొరంగం రెండు తుంటలవుతుంది, మళ్లీ కలపాలంటే పక్కదారి తవ్వాల్సిందే.

పాయసంలోకి కుంకుమపువ్వు కొంటే ఏది అసలో ఏది నకిలీయో తెలియడం లేదు. గొనాబాద్ సరుకులో రకాలేమిటి?
(రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి)

పువ్వుకు మూడే ఎర్ర పోగులు ఉంటాయి. గ్రాము ఎండు సరుకుకు సుమారు 150 పువ్వులు కావాలి. ఇరాన్‌లో తూకం మిస్‌ఖాల్ లెక్కన, అది 4.6 గ్రాములు. మన తులానికి రెండున్నర మిస్‌ఖాళ్లు, అంటే 1,700 పువ్వుల పైమాట. ధర ఎందుకంతో ఈ లెక్కే చెబుతుంది.

పోగు పైభాగం ఎరుపు, కింది తోక పసుపు నుంచి తెలుపు. తోక పూర్తిగా కోసేసి ఎర్ర భాగం మాత్రమే ఉంచితే "సర్‌గోల్". అందులోనే పొడవుగా, విరగని, నిండైన పోగులు "నెగీన్". కాస్త పసుపు తోక ఉంటే "పుషాల్". తోకతో సహా కట్ట కడితే "దస్తె". ఉత్త తెల్ల తోకలు "కొంజ్", వాసన ఉంటుంది, రంగు రాదు. పుషాల్ నకిలీ కాదు, ధర తక్కువగా ఉంటే కొనొచ్చు. కొంజ్‌కు ఎర్ర రంగు వేసి నెగీన్ ధరకు అమ్మడమే మోసం.

ఇంట్లో పరీక్ష ఇలా చేయండి. రెండు పోగులు చల్లని నీళ్లలో వేయండి. అసలుదైతే పసుపు రంగు మెల్లగా, పది పదిహేను నిమిషాల్లో దిగుతుంది, పోగు ఎర్రగానే ఉంటుంది. వేసిన వెంటనే ఎర్రని నీళ్లు కారి పోగు పాలిపోతే రంగు వేసినట్టు. నానిన పోగును విప్పి చూస్తే ఒక కొస సన్నాయి నోటిలా విచ్చుకుని ఉండాలి. కాగితం మధ్య నొక్కితే నూనె మరక పడితే తూకానికి నూనె పట్టించారని అర్థం. మంచి సరుకు వేళ్ల మధ్య పెళుసుగా విరుగుతుంది. జిగటగా ఉంటే తేనెకో చక్కెర పాకానికో అనుమానించాలి. డబ్బా మీద ఐఎస్ఓ 3632 పరీక్ష అంకె ఉంటే చూడండి, మొదటి రకానికి రంగు బలం కనీసం 200.

వాడే తీరు కూడా ముఖ్యం. పోగులు నేరుగా మరిగే పాలలో వేస్తే సగం వృథా. రంగు నీటిలో కరిగేది, కొవ్వున్న పాలలో ఆలస్యమవుతుంది. నలుగురికి సరిపడా పాయసానికి 15–20 పోగులను చిటికెడు పంచదారతో చిన్న రోట్లో నూరి, రెండు మూడు చెంచాల వేడినీటిలో మూతపెట్టి 20 నిమిషాలు ఉంచండి. పొయ్యి ఆపే ముందు కలపండి, ఎక్కువ మరిగితే వాసన ఆవిరైపోతుంది. నిల్వకు గాలి చొరని గాజు సీసా, వెలుతురు తగలని అల్మరా.

ఆ పంటను మా దగ్గర వేయొచ్చా? గదిలో పెంచుతున్నామనే ప్రకటనలు చూస్తున్నాం.
(మదనపల్లె నుంచి ఒక యువరైతు)

చేలో వేయొద్దు. ఈ దుంప వేసవిలో నిద్రపోతుంది, శరదృతువులో పూస్తుంది, చలికాలంలో ఆకు పెంచి పిల్ల దుంపలు పెడుతుంది. గొనాబాద్‌లో వేసవి పొడిగా ఉంటుంది, దుంపకు అప్పుడు నీరు అక్కర్లేదు. కాబట్టి ఎండాకాలం ఖనాత్ నీరు వేరే పంటలకు మిగులుతుంది. ఆ నేలకూ ఈ పంటకూ అంత చక్కగా కుదిరింది అందుకే. మన దగ్గర దుంప నిద్రపోయే నెలల్లోనే నైరుతి వానలు. తడిలో దుంప కుళ్లిపోతుంది.

వాళ్ల పద్ధతి క్లుప్తంగా: వేసవి చివర దుంపలను 15–20 సెంటీమీటర్ల లోతున నాటుతారు. ఒక్కోటి 8 గ్రాములకు పైన ఉంటే మొదటి ఏడే పువ్వు ఆశించవచ్చు. అక్టోబరులో తొలి తడి ఇచ్చి, నేల ఆరగానే పై పెచ్చును పలచగా పగలగొడతారు. పెచ్చు మిగిలితే మొగ్గ పైకి రాలేక వంగిపోతుంది. అక్టోబరు చివర, నవంబరులో పూత. తెల్లవారకముందే, మొగ్గ విచ్చకముందే కోయాలి. ఎండ తగిలితే రేకులు వాడి పోగులు తీయడం కష్టమవుతుంది, రంగూ తగ్గుతుంది. ఆ రోజే పోగులు వేరు చేసి ఆరబెట్టాలి, మర్నాటికి ఉంచితే పువ్వు తడికి బూజు పడుతుంది. ఒకసారి నాటిన మడి ఆరేడేళ్లు ఉంటుంది, తర్వాత దుంపలు కిక్కిరిసి పూత పడిపోతుంది.

గదిలో పూయించడం మాత్రం నిజమే. మొగ్గ కట్టడానికి 23–27 డిగ్రీలు, పూత బయటికి రావడానికి 15–17 డిగ్రీలు ఉంటే మట్టి లేకుండా ట్రేల్లోనే పూస్తుంది, దుంపలో దాచుకున్న శక్తితో. ప్రకటనల్లో చెప్పనిది తర్వాతి సంగతి. పూత అయ్యాక దుంపను చల్లని చోట మట్టిలో నాటి, మూడు నాలుగు నెలలు మంచి వెలుతురులో ఆకు పెంచకపోతే పిల్ల దుంపలు చిన్నవై రెండో ఏడు పువ్వు రాదు. అప్పుడు ప్రతి ఏడూ దుంపలు కొనాలి. ఏసీ కరెంటు బిల్లు, దుంపల ధర రెండూ వేసి లెక్క కట్టండి. రెండో ఏటి పంట కళ్లారా చూపించని వారికి అడ్వాన్సు ఇవ్వకండి.

దుబాయ్‌లో పనిచేస్తున్నాను. గొనాబాద్ చూడాలంటే ఎప్పుడు వెళ్లాలి?
(జగిత్యాల వాసి)

పూత చూడాలంటే అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు. శుక్రవారం సెలవు, గురువారం కూడా చాలా కార్యాలయాలు పనిచేయవు. నౌరూజ్, అంటే మార్చి 20–21 తర్వాతి రెండు వారాలు ఊళ్లన్నీ సెలవులో ఉంటాయి. బయటి దేశాల బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, నగదు తీసుకెళ్లాలి. నోటు మీద రియాళ్లు, నోటి మాటలో తొమాన్లు; పది రియాళ్లు ఒక తొమాన్. ధర విన్నప్పుడల్లా ఏ లెక్కో అడగండి. వీసా, భద్రత సంగతి బయలుదేరే వారం ముందు భారత విదేశాంగ శాఖ సూచనలో చూసుకోవడం తప్పనిసరి. చూడాల్సినవి ఖసబె ఖనాత్, హిజ్రీ 609 (క్రీ.శ. 1212) నాటి శాసనమున్న జామె మసీదు, మెంద్ పల్లె కుమ్మరుల చేప, పిట్ట బొమ్మల పింగాణీ.

గొనాబాద్ సూఫీ తరీఖాకూ మన దక్కన్‌కూ సంబంధం ఉందంటారు, నిజమేనా?
(జహీరాబాద్ నుంచి ఒక ఉపాధ్యాయురాలు)

నిజం, అదీ రెండు వైపులా. గొనాబాద్ పక్కనే బీదొఖ్త్ ఉంది. 1909లో మరణించిన సుల్తాన్ అలీ షా సమాధి అక్కడే. ఆయనతో మొదలైన గొనాబాదీ శాఖ నెమతుల్లాహీ తరీఖాలో (సూఫీ గురుపరంపరలో) భాగం. ఆ తరీఖా మూలపురుషుడు షా నెమతుల్లా వలీ 1431లో కన్నుమూశాడు, ఆయన సమాధి కెర్మాన్ దగ్గరి మాహాన్‌లో ఉంది. బీదరును రాజధాని చేసుకున్న అహ్మద్ షా బహమనీ ఆయన భక్తుడు. రాజు ఆహ్వానం మీద ముందు నెమతుల్లా మనవడు, తర్వాత కొడుకు ఖలీలుల్లా బీదరుకు వచ్చారు. అష్టూరు దారిలో కనిపించే చౌఖండీ అనే సమాధి ఆ ఖలీలుల్లాదే. తరీఖా పీఠం తరాల పాటు దక్కన్‌లోనే ఉండిపోయింది. 18వ శతాబ్ది చివరి భాగంలో దక్కన్‌లోని రిజా అలీ షా తన శిష్యుడు మాసూమ్ అలీ షాను ఇరాన్‌కు పంపాడు. అక్కడ ఆ తరీఖా తిరిగి లేచి నిలబడింది ఆ ప్రయాణంతోనే, గొనాబాదీ శాఖ ఆ పరంపరలోదే.

మీకు దగ్గరలో ఇంకొకటి ఉంది. బీదరు నౌబాద్‌లో బహమనీల నాటి కరేజ్, అంటే ఖనాత్. రెండు కిలోమీటర్లకు పైన పొడవు, ఇరవై పైచిలుకు బావులు. గొనాబాద్‌లో కొండ పాదపు గులకమట్టిలో తవ్వితే, ఇక్కడ ఎర్ర జేగురు రాతిలో తవ్వారు. వాననీరు జేగురు రాతిలో ఇంకి, కింది నల్లరాయి దగ్గర ఆగుతుంది. కరేజ్ పట్టేది ఆ ఊటనే. రాయి తనంత తానే నిలబడుతుంది కాబట్టి మట్టి వలయాల అవసరం రాలేదు. పిల్లల్ని తీసుకెళ్తే ఒక బావి నుంచి తర్వాతి బావికి అడుగులు కొలిపించండి, వరస ఎటు వాలుతుందో చూపించండి. పాత బావుల అంచు రాళ్లు వదులుగా ఉంటాయి, వానాకాలంలో వాటి దగ్గరకు పోనివ్వకండి.